నిమ్మదిబ్బ పైడమ్మ వదిన

మా కింది వాటాలో ఉండే అమ్మాయి నిన్న సాయంత్రం నన్ను చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకుపోయింది. కుండీలో పెంచుకుంటున్న నిమ్మమొక్క పూసిందట. నిజమే, పూసింది. ఆకు కనపడనంతగా పూసింది. వాన వెలిసి గాలి స్తంభించి ఉంది. ఆ చిన్న మొక్క వాసన డాబా అంతా కమ్ముకుంది. "చూశారా ఆంటీ, ఎంత బాగా పూసిందో!" అని ఆ పిల్ల మురిసిపోతోంది. నిమ్మపూత వాసన ఎవరికైనా హాయిగా ఉంటుంది, నాకు భయం వేస్తుంది. కుండీ అడుగున నీళ్ళు నిలుస్తున్నాయేమో చూసుకోమ్మా అని మాత్రం చెప్పి దిగి వచ్చేశాను. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. ఎందుకలా అన్నానో చెప్పాలంటే పైడమ్మ వదిన గురించి చెప్పాలి. ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో నేను తప్ప పెద్దగా లేరు.

డెబ్భైల నడుమలో మేము విశాఖపట్నం వచ్చాం. మాది కోనసీమలో ఒక లంక ఊరు. గుమ్మం దిగితే కాలవ, పెరట్లోంచి చూస్తే గోదారి. మా ఆయన సూర్యం హార్బరులో టగ్గుల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. మల్కాపురం అవతల, ఉప్పుటేరు గట్టుకు దగ్గరగా ఒక పెంకుటింట్లో అద్దెకు దిగాం. ఆరేసిన బట్టల మీద ఎర్రటి ఖనిజం దుమ్ము పడేది. మంచినీళ్ళకు కుళాయి దగ్గర బిందెల వరస. ఈ ఊరు నాకు మొదటినుంచీ నచ్చలేదు. వచ్చిన మరుసటి ఏడాది నాకు కాన్పు కష్టమైంది. ఆడపిల్ల పుట్టి, ఏడవకుండానే పోయింది. పురిటికి పుట్టింటికి పంపమని నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను. సెలవు దొరకలేదంటూ ఆయన జాప్యం చేశారు. ఆ కోపం నా లోపల అలాగే ఉండిపోయింది, పైకి ఒక్క మాట అనలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నన్ను చూడగానే ఏ కూరల గురించో, సినిమాల గురించో మాట్లాడేవాళ్ళు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ ఆ పిల్ల అసలు పుట్టనేలేదన్నట్టు అందరూ నటిస్తుంటే నాకు పిచ్చెక్కినట్టుండేది.

పక్కింటి పైడమ్మ ఒక రోజు నిమ్మకాయల తట్ట దించి మా అరుగు మీద కూర్చుంది. నాకంటే పదేళ్ళయినా పెద్దది. మొగుడు పోయాక మామగారిని దగ్గర పెట్టుకుని బతుకుతున్న మనిషి. ఒక్కతే కూతురు, ఎలమంచిలిలో కాపురం. అప్పటిదాకా నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండదు. తిన్నగా అడిగేసింది.

"పిల్లకేటి పేరెట్టుకున్నావు?"

"పుట్టగానే పోయిన పిల్లకి పేరేంటండీ" అన్నాను.

"బారసాలకెట్టే పేరు కాదే. కడుపుతో ఉన్నన్నాళ్ళూ మనసులో ఏదో ఒకటి అనుకుంటావు కదా. ఆ పేరేటి?"

"సుభద్ర" అన్నాను. ఆ పేరు బయటికి అనడం అదే మొదటిసారి. ఆమె "సుబద్ర, సుబద్ర" అని రుచి చూసినట్టు పలికి, తల ఊపింది. "రేపు పోటుకి నాతో దిబ్బ మీదికొచ్చీ. ఇక్కడ ఏడిస్తే పదిమంది వచ్చీసి ఓదారుత్తారు. ఓదారిస్తే ఏడుపు లోనే ఉండిపోద్ది. అక్కడ నువ్వూ నానూ, సెట్లూ. ఇంకెవులూ నేరు."

ఆ దిబ్బ ఉప్పుటేటి నడుమ, మడచెట్ల అవతల ఉండేది. మా ఊరి లంకలతో పోలిస్తే అది లంకా కాదు, పాడూ కాదు. ఒక పెద్ద పెరడంత ఇసక తిన్నె. అందరూ నిమ్మదిబ్బ అనేవాళ్ళు. పోటు వచ్చినప్పుడు పడవ మీద వెళ్ళి, మళ్ళీ పోటుకు తిరిగి రావడమే. నడుమ పాటు తీసినప్పుడు చుట్టూ బురద, పీతలు తప్ప ఏమీ ఉండవు. పైడమ్మ గెడ వేసి పడవ నడుపుతుంటే నేను మొద్దులా కూర్చున్నాను. దిబ్బ ఎక్కగానే నా ముక్కుకు తగిలింది నిమ్మాకు వాసన. నలిపితే కాదు, ఎండకు ఆకు వేడెక్కి దానంతటదే వచ్చే వాసన. ఒక చెట్టు కింద కూలబడి నేను ఏడ్చాను. అంత గట్టిగా ఏడవగలనని నాకే తెలియదు. పైడమ్మ నా దగ్గరికి రాలేదు. కావిడి వేసుకుని చెట్లకు నీళ్ళు పోసుకుంటూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు పడవలో అంది, "నీ మొగుడి మీద కోపముందా?" నేను తల ఊపాను. "అయితే అనీ. మనసులో ఎట్టుకుంటే పుండైపోద్ది పిల్లా. అనీసి, ఆనక అన్నం ఎట్టు."

ఆ సాయంత్రమే మా ఆయనతో అనేశాను. మీరు పంపి ఉంటే నా పిల్ల బతికేది అన్నాను. ఆయన పీట మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మా కాపురం మళ్ళీ కాపురం అయింది ఆ రోజునుంచే. అప్పటినుంచి ఆమె నాకు పైడమ్మ వదిన, ఆయనకు అక్క. ఆమెకు నేను మరదలు, ఆయన తమ్ముడు. ఎవరూ కలపని వరస అది, మాకు మేమే కలుపుకున్నాం.

తీరిక దొరికినప్పుడల్లా నేను దిబ్బ మీదికి పోయేదాన్ని. అక్కడ ఎక్కువగా నిమ్మచెట్లే. ఒక పక్క దబ్బచెట్లు కొన్ని, ఒకే ఒక్క నారింజ. అన్నీ వదిన మామగారు వయసులో ఉండగా పాతినవి. దిబ్బ మీద ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. సరిగ్గా నడుమ మాత్రం ఒక మంచినీళ్ళ నుయ్యి ఉండేది. చేంతాడు కూడా అక్కర్లేదు, వంగి ముంచుకునేంత పైన ఉండేవి నీళ్ళు. ఆ నూతికి ఒక పద్ధతి ఉంది. పొద్దున్న చెట్లకు తోడుకోవాలి. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి ఆపేసి, నూతి మీద తాటాకు తడక కప్పెయ్యాలి. అప్పుడు నుయ్యి పడుకున్నట్టు. మళ్ళీ తెల్లారేదాకా గుక్కెడు నీళ్ళు కూడా ముంచకూడదు. దాహమైతే ముందే కుండలో పట్టుకున్నవి తాగాలి. తడక పక్కన నడిచినా ఆమె మామగారు, ఆ ముసలాయన, మెల్లిగా నడవమనేవాడు.

"ఎందుకొదినా ఇదంతా?" అని అడిగాను ఒకసారి.

"ఏమో మరి. నూతికి కునుకు పట్టాలంటాడు మా మావ. ఆయన సాదస్తం ఆయన్ది. కప్పకపోతే నాక్కూడా మనసొప్పదు" అని నవ్వింది. ఆ పద్ధతి వెనక ఏముందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసి ఉంటే ఈ కథ ఇలా ఉండేది కాదు.

ఉప్పునీళ్ళు దగ్గర కావడంవల్లో ఏమో ఆ కాయలకు పులుపు ఎక్కువ, తొక్క పలచన. పడవ కొత్తగా నీళ్ళలోకి దించేవాళ్ళు, లారీ కొన్నవాళ్ళు దిష్టి తీయడానికి ఆ కాయలే కావాలని వచ్చేవాళ్ళు. సోడా కొట్ల వాళ్ళు కూడా అడిగి మరీ తీసుకునేవాళ్ళు. వదిన ఒక్క భుజం మీదే కావిడి మోసేది. ఆ భుజం మీద కాయ కాసి, జాకెట్టు అక్కడ ఎప్పుడూ చిరిగేది.

ముసలాయనకు చూపు మందగించింది. పడవ ఎక్కడం మానేసి గట్టు మీద కూర్చునేవాడు. మోత మొత్తం వదిన మీదే పడింది. ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. ఆ ఎండల్లో ఒక రోజు మా ఇంట్లో భోజనం చేస్తూ ఆమె మా ఆయన్ని అడిగింది. "తమ్ముడా, అంతేసి పడవలకి ఇంజన్లు బాగుసేత్తావు. నా నూతికి ఓ ఇంజనెట్టలేవేటి?"

ఆయన ముఖం వెలిగిపోయింది. తన పనిని ఎవరైనా అంత ఆశగా అడగడం ఆయనకు కొత్త. "అదెంత పనక్కా! బాగా అడిగావు. మీ నూతిలో నీళ్ళు పైపైనే ఉన్నాయి కదా, చిన్న ఇంజనయితే చాలు" అన్నారు. నేను కూడా సంబరపడ్డాను. మేము గోదారి జిల్లా వాళ్ళం. మాకు నీళ్ళంటే తోడితే ఊరేవి, వదిలితే పారేవి. నీళ్ళు అలిసిపోతాయన్న ఆలోచన మా ఇద్దరికీ పుట్టుకతోనే లేదు. పాత సామాను అమ్మేచోట ఒక ఆయిల్ ఇంజను కొనుక్కొచ్చి, సెలవు రోజుల్లో విప్పి, కడిగి, ఆయన మళ్ళీ బిగించారు. దాన్ని పడవలో దిబ్బకు చేర్చే రోజున గట్టు మీదున్న ముసలాయన అడిగాడు.

"నూతిని పడుకోనియ్యరేటే?"

"నీ బుజాలు కాయలు కాసినాయా మావా? నావి కాసినాయి" అంది వదిన. ఆమె ఆయన మీద గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ తరవాతి రోజులు నా బతుకులో చాలా మంచి రోజులు, అబద్ధమెందుకు. ఇంజను టకటకమంటుంటే చెట్ల నడుమ బోదెలు తీసి నీళ్ళు పారించాం. పారే నీళ్ళలో పాదాలు పెట్టి కూర్చుంటే నాకు మా ఊరు వచ్చి పక్కన కూర్చున్నట్టుండేది. వదిన కావిడి బద్దను చూరులో దోపేసింది. నూతి మీది తాటాకు తడకను తీసి ఇంజనుకు నీడగా కట్టింది. ఆ ఏడాది కాయ విరగకాసింది. కొత్తగా బత్తాయి మొక్కలు తెచ్చి నాటాం. మా ఆయన డ్యూటీ దిగి నేరుగా దిబ్బకే వచ్చేవారు. చేతికి గ్రీజు, మోకాళ్ళకు ఇసక. ఆ ఇంజను మీద చెయ్యి వేసి, అది ఎలా ఉందో ఒంటి వేడి చూసినట్టు చూసేవారు.

ముందు మారింది టీ. దిబ్బ మీద మూడు రాళ్ళు పెట్టి టీ కాచుకునేవాళ్ళం. పాలు విరిగినట్టయ్యేవి. పాలవాడిని తిట్టుకున్నాం. కొన్నాళ్ళకు ఆకుల కొసలు మాడినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఎండ దెబ్బ అనుకుని ఇంకాసేపు ఇంజను తిప్పాం. ఒక పొద్దున వదిన నూతిలోంచి దోసిలి పట్టి నోట్లో పోసుకుంది. మింగలేదు. నా వైపు చూసి, "మరదలా, ఓపాలి నువ్వు సూడు" అంది. నేను నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

మా ఆయన కంగారుపడలేదు. ఇంకాస్త లోతుకు పోతే కొత్త ఊట తగులుతుంది, మా ఊళ్ళో అంతే కదా అన్నారు. నడుం లోతు దిగి ఆయనే తవ్వారు. ఆ దిబ్బ కింద ఉన్నది సముద్రమని, దాని మీద తేలుతున్న పలచటి వాననీటి పొరనే ఇన్నాళ్ళూ తాగుతున్నామని, నుయ్యి పడుకోవడమంటే ఆ పొర మళ్ళీ ఊరడమేనని ఎవరో చెప్పింది చాలా ఏళ్ళ తరవాత. లోతుకు పోయినకొద్దీ నీళ్ళు ఇంకా ఉప్పెక్కాయి. ఇంజను ఆపేశాం. వానలు పడితే అన్నీ సర్దుకుంటాయని కాచుకున్నాం. వానలు పడ్డాయి.

వానల వెనకే చెట్లు పూశాయి. అలాంటి పూత ఆ దిబ్బ మీద ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. ఆకులు సగం రాలిపోయిన కొమ్మలకు కణుపు కణుపునా పువ్వే. పడవ ఇంకా ఏటి నడుమ ఉండగానే వాసన వచ్చి మీద పడేది. మా ఆయన పడవలోనే లేచి నిలబడి, "అక్కా, గట్టెక్కాం! చూడు, చూడు!" అని కేకలు వేశారు. వదిన ఏడుస్తూ నవ్వింది. నేనైతే అక్కడే దణ్ణం పెట్టాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి గట్టు మీద ముసలాయన ముక్కు పైకెత్తి గాలి పీలుస్తున్నాడు.

"ఏటే ఆ వాసన?" అన్నాడు.

"తోట ఇరగబూసింది మావా!" అంది వదిన.

ఆయన తుండుగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. "సెట్టుకి తెలిసిపోనాదే. పోయేముందు పిల్లల్ని దించీసుకుంటంది. ఇది పూత కాదే పైడీ, ఇది సావు."

వదిన చేతిలోని గెడ నీళ్ళలో పడిపోయింది. మా ఆయన అది తీసుకురావడానికి మొలలోతు బురదలోకి దిగారు. నిజానికి గెడ కోసం కాదు, ఆ మాట విన్న ముఖంతో మా ఎదుట నిలబడలేక దిగారు. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక రాలడం మొదలుపెట్టాయి. చలికాలానికి దిబ్బ మీద పుల్లలు మిగిలాయి. ముసలాయన ఆ చలికాలం దాటలేదు.

గట్టు మీద మాటలు మొదలయ్యాయి. ముసలాయన దినం నాడు, మేము భోజనాలు వడ్డిస్తుండగానే, ఒకాయన గట్టిగా అన్నాడు. "గోదారోడొచ్చి ఇంజనెట్టీసి తోటని సంపీసినాడు. ముసిలోణ్ణి కూడా సంపీసినాడు." మా ఆయన చేతిలో అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది. వదిన వరసల నడుమకు వచ్చి నిలబడింది.

"అడిగింది నాను. ఇంజను తిప్పింది నాను. మా మావ వద్దంటే ఇననిది నాను. నా తమ్ముణ్ణి ఇంకో మాటన్నారంటే బాగోదు. తినీసి ఎల్లండి."

అప్పుడు ఆమెను చూసి నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఇంత మంచి మనిషి మాకు దొరికిందనుకున్నాను. కొన్నాళ్ళకు ఆమే మా ఆయన్ని పిలిచి, ఎండిన చెట్లు కొట్టెయ్యాలి, తోడు రమ్మంది. ఆయన గొడ్డలి పట్టుకుని రోజంతా కొట్టారు. లోపల కర్ర పసుపుపచ్చగా ఉంది, అప్పటికీ వాసన పోలేదు. వదిన మోపులు కట్టింది. మధ్యాహ్నం ఆయనకు గంజి పోసింది, ఉల్లిపాయ ఇచ్చింది, ఇంకాస్త పోసుకోమంది. తోట గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ రోజు కాదు, ఆ తరవాత ఏనాడూ అనలేదు.

ఆమె కూతురి చేత ఎలమంచిలి కాయలు తెప్పించుకుని గోపాలపట్నం మార్కెట్లో అమ్మడం మొదలుపెట్టింది. ఎవరో పండించిన కాయలు, తొక్క మందం, రసం తక్కువ. ఈ కాయలేం బాగోలేవే అని ఎవరైనా అంటే, "ఇవే ఉన్నాయి బాబూ" అనేది. వారానికి ఒకసారి మా ఇంటికి వచ్చి ఆ కాయలే కొన్ని నా కొంగులో పోసేది. మాకు తరవాత పుట్టిన పిల్లలిద్దరికీ నీళ్ళు పోసింది ఆమే, పేర్లు పెట్టింది ఆమే. మా ఆయన మాత్రం నిమ్మకాయ ముట్టడం మానేశారు. జ్వరం వచ్చినా పచ్చడి ముద్ద వద్దనేవారు. మార్కెట్టు మీదుగా పోవలసి వస్తే చుట్టూ తిరిగి పోయేవారు. నవ్వే మనిషి, నవ్వడం తగ్గించేశారు.

"అక్క ఒక్కసారి నన్ను తిట్టి ఉంటే బాగుండేది" అన్నారు నాతో. "కడుపులో ఉంచుకుందో, నిజంగానే మర్చిపోయిందో తెలీటం లేదు. ఆవిడ అన్నం పెడుతుంటే నాకు గొంతు దిగట్లేదు."

"మీరే అడగండి" అన్నాను. ఒకసారి అడిగారు కూడా. ఆమె మా వంటింట్లో కూర్చుని ఉండగా, "అక్కా, ఆ తోట విషయం..." అని మొదలుపెట్టారు. ఆమె కంచం ఆయన ముందుకు జరిపింది. "అయిపోయిన దాన్ని తవ్వుతావేటి తమ్ముడా? కూకో. తిను." ఆయన తిన్నారు. నా చేత కోపం కక్కించి నా కాపురం నిలబెట్టిన మనిషి, తన కోపం దగ్గరికి వచ్చేసరికి నోరు కుట్టేసుకుంది. అది ఆయన మీద ప్రేమే. కానీ ఆ ప్రేమ ఆయన్ని లోపల్లోపల తినేస్తోందని నాకు తెలుసు. ఆమెకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పోటీలు పడి మంచిగా ఉంటున్న వాళ్ళిద్దరి నడుమ ఆ మాట ఎలా పెట్టాలో నాకు తెలియలేదు.

ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం మా ఆయన పనిలోనే గుండె పట్టుకుని కూలిపోయారు. ఇంటికి తెచ్చి వసారాలో పడుకోబెట్టారు. కోనసీమనుంచి మా వాళ్ళు వచ్చారు. మా వైపు ఆడవాళ్ళు ఏడిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. ఇక్కడ అలా కాదు. పోయినవాళ్ళ మంచీ చెడూ రాగం తీసి, వాళ్ళకే చెబుతున్నట్టు ఏడుస్తారు. వదిన మార్కెట్టునుంచి చెప్పులు కూడా లేకుండా వచ్చింది. వచ్చి, ఆయన తల దగ్గర కూలబడి, రెండు చేతులతో గుండె బాదుకుంటూ ఎత్తుకుంది.

"ఓ తమ్ముడా, ఓ నా తమ్ముడా! నా తోట సంపీసినావురా! మా మావ సేతుల్తో ఎట్టిన సెట్లురా, ఒక్కటి మిగల్చనేదురా! నిన్ను ఒక్క మాటన్నానేటిరా? కడుపులో కుక్కీసుకున్నానురా, నీ మొకం సూసి కుక్కీసుకున్నానురా! ఇప్పుడు నాను ఎవుల్ని తిట్టుకోనురా? లెగరా తమ్ముడా! లెగిసి నా తిట్లు తిని పోరా!"

శవం దగ్గర ఇవేం మాటలని మా అన్నయ్య ఆమెను లేవదీయబోయాడు. నేను అతని చెయ్యి పట్టుకుని ఆపాను. "అననియ్యి అన్నయ్యా. ఆయన ఇన్నాళ్ళూ వినాలనుకున్నవి ఆ మాటలే" అన్నాను. ఆమె గొంతు పోయేదాకా తిట్టింది. తిట్టి తిట్టి, ఆయన పాదాల మీద తల పెట్టుకుని పడిపోయింది.

వదిన కూడా పోయి చాలా కాలమైంది. నిమ్మదిబ్బ ఉన్నచోటు ఎక్కడో ఇప్పుడు నేను చూపించలేను. ఆమె నాకు నేర్పింది నేను వదలలేదు. పిల్లల మీద కోపమొస్తే అనేస్తాను, కోడలి మీద వచ్చినా అనేస్తాను, వాళ్ళు నన్ను అనడం కూడా కూర్చుని వింటాను. అమ్మ నోరు మంచిది కాదని పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆమె తనకు తాను నేర్పుకోలేనిది కూడా నేను మోస్తూనే ఉన్నాను. ఆ తిట్లు మా వంటింట్లో, ఆయన కంచం ముందు కూర్చుని ఉండగా పడి ఉంటే ఆయన ఏడ్చేవారు, ఆమె ఏడ్చేది, ఆనక ఇద్దరూ అన్నం తినేవారు. ఆయన ఇంకొన్నాళ్ళు బతికేవారేమో.